నేనెక్కని కట్ట

ఆ రోజు నేను కట్ట ఎక్కలేదు. ఇంత చిన్న సంగతిని తప్పని చెప్పుకోవాలా అని మీకనిపించవచ్చు. ఎక్కితే పది నిమిషాల పని. మే నెల, మిట్టమధ్యాహ్నం, నెత్తిన టోపీ కూడా లేదు. వేపచెట్టు నీడలో స్కూటర్ నిలిపి, సీటు మీద ఫారం పెట్టుకుని, అక్కణ్నుంచి కనిపించిందే రాసేశాను. ఆ రాత వల్ల ఒక ఊరి కుంట పోయినంత పనైంది.

చిన్న నీటిపారుదల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అనుభవాలు చెప్పమంటారు. నేను కట్టించినవాటి గురించి వినాలని వాళ్ల కోరిక. వాటి గురించి చెప్పడానికి శిలాఫలకాలున్నాయి. ఈ కుంట గురించి చెప్పడానికి నేనొక్కణ్నే ఉన్నాను కాబట్టి ఇదే చెబుతుంటాను.

మాది గోదావరి డెల్టా. ఇంటి ముందు కాలువ, కాలువ దాటితే వరి. అక్కడ పుట్టినవాడికి నీరు వెతుక్కోవాల్సిన వస్తువు కాదు. తొంభైల మొదట్లో అసిస్టెంట్ ఇంజనీరుగా మేడ్చల్ వైపు వేశారు. బస్సు దిగి చుట్టూ చూడగానే, ఇక్కడ నీటి ఇంజనీరుకు పనేముంటుంది అనుకున్నాను. ఎర్రమట్టి, ఎవరో తీరుబడిగా పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి బండరాళ్లు, సందుల్లో సీతాఫలం పొదలు, అక్కడక్కడా తాటిచెట్లు. షామీర్‌పేట వైపు వెళితే ద్రాక్ష తోటలు పచ్చగా కనిపించేవి. అవీ బోర్ల మీద బతికేవే కదా అని వాటినీ కొట్టిపారేసేవాణ్ణి.

మేమున్న కాలనీలో సగం ఇళ్లు మా వైపు వాళ్లవే. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి వాకిట్లో కుర్చీలు పడితే కబుర్లన్నీ మా ఊళ్లవే. ఇక్కడ పెదాలు పగులుతాయని ఒకరు, కూరగాయల్లో రుచి లేదని ఒకరు. నేను ఏటా బదిలీకి దరఖాస్తు పెట్టేవాణ్ణి. నా భార్య మాత్రం రెండో వేసవికే ఫిరాయించింది. పొద్దున పెట్టిన వడియాలు సాయంత్రానికే గలగలలాడుతుంటే పళ్లెం తెచ్చి నా చెవి దగ్గర ఊపింది. "మన ఊళ్లో నాలుగు రోజులు ఎండబెట్టినా మెత్తగానే ఉండేవండీ. ఇది మాట మీద నిలబడే ఎండ" అంది. నేను నవ్వలేదు. ఆ మాట ఆమె కాలనీలో కూడా చెబుతుందేమోనని భయపడ్డాను.

తొంభైల చివర్లో ఒక వేసవిలో మాకో పని అప్పగించారు. మండలంలోని కుంటలన్నీ చూసి, మరమ్మతుకు పనికొచ్చేవి ఏవో, పనికిరానివి ఏవో జాబితా చేయాలి. ఒక్కో కుంటకు ఒక్కో ఫారం. అందులో 'నిరుపయోగం' అని పడితే ఆ కుంటకు ఇక తట్టెడు మట్టి కూడా పోయరు. అప్పటికే బౌరంపేట్ వైపూ, మేడ్చల్ రోడ్డు పొడుగునా పొలాల్లో ప్లాట్ల హద్దురాళ్లు లేస్తున్నాయి. పనికిరాని కుంట అని సర్కారే రాసిస్తే దాన్ని పూడ్చి ప్లాట్లు చేసుకునేవాళ్లకు అడ్డుండదు. ఇది నాకు తెలియదని చెప్పుకోలేను. తెలుసు.

నాతో తిరిగేది మా వర్క్ ఇన్‌స్పెక్టర్. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగినవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. మాటలు తక్కువ. నేను తప్పు చేస్తున్నప్పుడు బీడీ వెలిగించుకుని పక్కకు చూడడం ఆయన పద్ధతి. అది పొగ తాగడం కాదని, నాకు చెప్పడమని అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

ఆ మధ్యాహ్నం రావల్కోల్ దాటాక వచ్చే ఒక చిన్న ఊరికి వెళ్లాం. కుంట పైవైపు నుంచి దారి. మా ముందు నెర్రెలిచ్చిన కుంట అడుగు, దాని అవతల మట్టికట్ట. కట్టకు ఆ పక్కన, మాకు కనిపించకుండా, కుంట కింద పారే పొలం.

"కట్టెక్కుదామా సార్?" అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టర్.

"ఎందుకు? ఇక్కణ్నుంచే కనిపిస్తోందిగా" అన్నాను.

కనిపిస్తున్నదేమిటంటే, చుక్క నీరు లేని కుంట. సగం మేర దోస తీగలు పాకి ఉన్నాయి. ఇంకో పక్క నాలుగు ఎడ్లబండ్లు, ఒక ట్రాక్టరు, వాటిలోకి నల్లటి మట్టి ఎత్తుతున్న జనం. తలకు తువ్వాల చుట్టుకున్న ఒక ముసలాయన కర్ర పట్టుకుని వాళ్ల మీద అరుస్తున్నాడు. "ఆడ తియ్యకుర్రి. కట్ట కాలికాడ తీస్తే కట్ట కూసుంటది. ఇటు రాండ్రి, తూము ముంగట తియ్యిర్రి." మమ్మల్ని చూసి మా దగ్గరికి వచ్చాడు.

"ఎవరిదయ్యా ఈ తోట?" అని అడిగాను.

"ఊరోల్లదే సారూ. నీళ్లు ఎన్కకు పోయినకొద్ది ఇత్తులు పెడ్తం. వాన పడేటాలకు తీగ ఎండిపోతది."

"మట్టి ఎవరు అమ్ముతున్నారు?"

"అమ్ముడేంది?" ఆయనకు నిజంగానే నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎవరి చెల్కకు వాల్లు ఎరువుకని కొట్టుకపోతున్నరు."

ఆయన ఆ కుంట నీరటి. తూము తెరిచి కుంట నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు ఎంత వదలాలో చూసే మనిషి. తాతల నుంచి వస్తున్న పని. "తూము జూద్దువు రా సారూ" అన్నాడు. "లోపలి రాయి కదిలింది. ఇప్పుడైతే కండ్లకు కనబడ్తది. నీళ్లొచ్చినంక కనబడది."

చూస్తాంలే అన్నాను. ఆయన వంగి ఒక దోసకాయ తెంపి, తువ్వాలతో తుడిచి నా ముందుకు చాపాడు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. "వద్దు. నేనెవరి దగ్గరా ఏమీ తీసుకోను."

నా నిజాయితీ అంటే అప్పట్లో నాకు చాలా ముద్దు. చెయ్యి చాపనివాడి కన్ను కూడా తప్పు చూడదని ఎక్కడో ఒక నమ్మకం. లంచం తినకుండా కూడా ఒక ఊరికి అన్యాయం చేయవచ్చని ఆ వయసులో నాకు తట్టలేదు. నీరటి ఒక్క క్షణం దోసకాయ కేసి చూసుకుని, దాన్ని మా వర్క్ ఇన్‌స్పెక్టర్‌కిచ్చాడు. ఆయన అక్కడే కొరికి తిన్నాడు.

నేను ఫారం నింపాను. 'కుంట పూర్తిగా ఎండిపోయినది. కుంట భూమి ఆక్రమణలో ఉన్నది. మట్టి అక్రమంగా తరలిపోతున్నది. సాగు కనిపించలేదు. నిరుపయోగం.' సాగు కనిపించలేదన్నది అక్షరాలా నిజం. ఎక్కి ఉంటే కట్ట కింద కొత్తగా కోసిన యాసంగి, అంటే రెండో పంట, వరి కొయ్యకాళ్లు కనిపించేవి.

"ఎండకాలం గదా సార్" అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టర్, ఫారం కేసి చూస్తూ.

"ఎండాకాలమైతే? నీళ్లుంటేనే కదా కుంట. మా వైపు..." అని మొదలుపెట్టాను. ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

జాబితా పైకి వెళ్లింది. నేను మరిచిపోయాను.

శ్రావణంలో నా బల్ల మీదికి ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఊళ్లో ఫలానా సర్వే నంబర్లలో ప్లాట్లు వేయడానికి ఎవరో దరఖాస్తు పెట్టుకున్నారు. అందులో ఉన్న కుంట వాడుకలో ఉన్నదో లేదో మేం తెలపాలి. గుమాస్తా జవాబు కూడా టైపు చేసి పెట్టాడు. గత తనిఖీ ప్రకారం నిరుపయోగం. నా సంతకం పడితే కుంట కథ ముగిసినట్టే.

మూడు రోజులుగా ముసురు. పెన్ను మూత తీశాను. అప్పుడే వర్క్ ఇన్‌స్పెక్టర్ గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి, కాగితం చూశాడు.

"సార్, గా కుంట మత్తడి దుంకుతాందంట" అన్నాడు. మత్తడి అంటే కుంట నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతిగట్టు.

"ఏ కుంట?"

"గీ కాయిదంల ఉన్న కుంటనే." గొడుగు మూలన పెట్టాడు. "సంతకం యాడికి పోదు సార్. రేపు జేయున్రి. ఇయ్యాల పోయి జూసొద్దాం రాండ్రి." అన్నేళ్లలో ఆయన నాతో ఒకేసారి మాట్లాడిన మాటల్లో అవే ఎక్కువ.

వానలోనే స్కూటర్ మీద బయలుదేరాం. నేను రోజూ విసుక్కుంటూ తిరిగిన దారే. ఆ రోజు మాత్రం బండలన్నీ నల్లగా మెరుస్తున్నాయి. ప్రతి బండ మీంచీ నీళ్లు సన్నటి ధారగా జారి, పొదల్లోంచి వాగుగా కలిసి, అన్నీ ఒక్క దిక్కుకే పోతున్నాయి. ఇంతకాలం రాళ్ల గుట్టలని నేననుకున్నదంతా నీళ్లు పట్టే పెద్ద పళ్లెమని, దాని అంచున ఎవరో పూర్వులు ఆలోచించి కట్ట వేశారని నాకప్పుడు కనిపించింది. మా వైపు నీరు ఇంటిమనిషి. ఉందా లేదా అని ఎవరూ అడగరు. ఇక్కడ నీరు చుట్టం. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినప్పుడు నిలుపుకోవడం తెలిసినవాళ్లకే దక్కుతుంది.

కట్ట ఎక్కాను. మొదటిసారి.

ఊరంతా అక్కడే ఉంది. ఒక పక్క బురద రంగు నీళ్లు కట్ట నిండా. దోస తీగలున్న చోటు ఏదో గుర్తుపట్టలేకపోయాను. కట్టను కాచే కట్టమైసమ్మ ముందు ఆడవాళ్లు పసుపు చల్లుతున్నారు. మత్తడి దగ్గర మగవాళ్లు వలలు పట్టుకుని నిలబడ్డారు. చేపల గంప నెత్తిన పెట్టుకున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది.

"గీ సారే గదనే, మన కుంట సచ్చిపోయిందని రాసింది?" అని పక్కామెతో అని, నా వైపు తిరిగింది. "సచ్చినోల్లు గిట్ల దుంకుతరా సారూ?"

అందరూ నవ్వారు. ప్లాట్లవాళ్లు నా రాత సంగతి ఊళ్లో ముందే చెప్పారట. నేను తల వంచుకున్నాను. నవ్వు ఎక్కువసేపు సాగలేదు. అందరి చూపూ తూము వైపే ఉంది.

తూము మూసే ఉంది, అయినా కట్ట కింది కాలువలోకి నీళ్లు ఉరికిపోతున్నాయి. లోపల కదిలిన రాయి పక్కనుంచి దారి చేసుకున్నాయి. "గిట్లనే పోతే దసరకల్లా కుంట ఖాళీ సార్" అన్నాడు వర్క్ ఇన్‌స్పెక్టర్. "యాసంగికి సుక్కుండది." మత్తడి మీద దుంకే నీళ్లను చూసి మురిసిపోవాల్సిన ఊరి కింద నుంచి ఏడాది పంట జారిపోతోంది.

నీరటి నడుముకు తాడు కట్టించుకుని నీళ్లలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. బంకమట్టి, గడ్డి కూరిన గోనెసంచి చంకలో పెట్టుకుని మునిగాడు. పైకొచ్చాడు, ఊపిరి తీసుకున్నాడు, ఇంకో సంచి తీసుకుని మళ్లీ మునిగాడు. మూడోసారి మునిగినప్పుడు ఎంతకీ రాలేదు. తాడు పట్టుకున్నవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఎక్కడో లెక్క తప్పాను. ఎండిన మే నెలలో ఒక మేస్త్రీ ఒక్క పూటలో కూర్చుని సరిచేయగల రాయి అది. నేను చూస్తాంలే అన్న రాయి.

ఆయన తల పైకి తేలింది. కట్ట కింద నుంచి ఎవరో కేకేశారు. "ఆగింది. నీళ్లాగినయ్."

పైకి లాగినప్పుడు ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి. ఎవరో గొంగడి కప్పారు. వణుకుతూనే నన్ను గుర్తుపట్టాడు. "వచ్చినవా సారూ" అన్నాడు. "తూము జూద్దువు రమ్మంటే అప్పుడు రాకపోతివి. ఇప్పుడు జూద్దమంటే మునుగాలె." అందులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇంటికి వెళ్లి తడిబట్టలతోనే నా భార్యకు అంతా చెప్పాను. ఎండిన కుంటను చూసి అలా రాశానంటే, తువ్వాలు అందిస్తూ అంది. "వేసవిలో మన కాలవలు కూడా కట్టేసేవారు కదండీ. అడుగున మీరు బిళ్లంగోడు ఆడేవారని అత్తయ్యగారు చెప్పేవారు. అప్పుడెవరైనా వచ్చి ఈ కాలవ నిరుపయోగం అని రాసుకెళ్లారా?"

నిజమే. ఏటా వేసవిలో కాలువ మూసేవారు. మేం అడుగున ఆడుకునేవాళ్లం. కాళ్లకు బురద పెచ్చులు అంటుకునేవి. ఆ నెలలు నాకు గుర్తే రాలేదు. ఇన్నేళ్లుగా నా మనసులో మా కాలువ పన్నెండు నెలలూ నిండుగానే పారుతోంది. పుట్టిన చోటు మీద ప్రేమ ఎండిన నెలలను చెరిపేస్తుంది. కొత్త చోట మనం ఎండిన నెలలనే పట్టుకుంటాం. నీరటికి మాత్రం ఎండిన కుంట కూడా కుంటే. దోసకాయల కాలం, మట్టి తీసే కాలం, తూము బాగు చేసుకునే కాలం. దాని ఏడాది మొత్తం తెలిసినవాడు కాబట్టే, చుక్క నీరు లేని రోజున కూడా దాని మధ్య నిలబడి దోసకాయ తెంపి చేతికివ్వగలిగాడు.

మర్నాడు టైపు చేసిన జవాబు పక్కన పెట్టి, నా చేత్తో కొత్తది రాశాను. కుంట నిండి పారుతున్నదని, దాని కింద సాగు ఉన్నదని, తూముకు వెంటనే మరమ్మతు అవసరమని. చివర, 'గత నివేదిక తప్పు. కట్ట ఎక్కి చూడకుండా రాశాను. బాధ్యత నాది.'

పై ఇంజనీరు చదివి కళ్లజోడు తీశాడు. "ఇట్లా రాస్తారటయ్యా ఎవరైనా? పునఃపరిశీలనలో తేలింది అని రాయి, సరిపోతుంది. నీ మీదికెందుకు తెచ్చుకుంటావు?"

"పునఃపరిశీలన అంటే మొదటిసారి పరిశీలించినట్టవుతుంది సార్. నేను పరిశీలించలేదు."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని సంతకం చేశాడు. వారంలో నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. అది కూడా ఆయన సంతకంతోనే. అలాగే రావాలి. ప్లాట్ల హద్దురాళ్లు కుంట బయటే ఆగిపోయాయి. కుంట మరమ్మతు జాబితాలోకి ఎక్కింది.

తర్వాత రాసిన ప్రతి ఫారంలోనూ అడుగున ఖాళీ జాగాలో స్కేలు పెట్టి రెండు గీతలు గీసేవాణ్ణి. ఒక గీత మీద 'ఎండాకాలం కట్ట ఎక్కిన తేదీ', ఇంకో గీత మీద 'వానాకాలం కట్ట ఎక్కిన తేదీ'. అది ఎవరి ఉత్తర్వూ కాదు. మొదట్లో ఆఫీసులో నవ్వారు. కొన్నేళ్లకు పక్క సెక్షన్ వాళ్లు కూడా గీయడం మొదలుపెట్టారు. వాళ్ల గీతలు వంకరగా ఉండేవి, అయినా తేదీలుండేవి.

కుంట నిండిన ఆ ఏడు దాటి, మరుసటి వేసవి రాకముందే, నేను ఏళ్ల తరబడి అడిగిన బదిలీ మా జిల్లాకే వచ్చింది. తూము పని అయ్యేదాకా ఉంచమని రాసి పంపాను. ఈ ఒక్క వేసవే అన్నాను. మళ్లీ బదిలీ అడగలేదు. ఇప్పుడు మేడ్చల్లోనే ఇల్లు. గాలి ఇటు తిరిగిన రోజు జవహర్‌నగర్ చెత్తకుప్ప వాసన వస్తుంది, తలుపులు మూసుకుంటాం. మే నెలలో చుట్టాలింటికి గోదావరి వైపు వెళితే ఆ ఉక్కపోతకు రెండో రోజే నేనే టికెట్ చూడమంటాను. నా భార్య వడియాల పళ్లెం ఊపినట్టు చెవి దగ్గర చెయ్యి ఊపుతుంది.

తూము పని ఆ మరుసటి మే నెలలో పూర్తయింది. కదిలిన రాయి తీసి కొత్తది వేశాం. మేస్త్రీ పక్కన నీరటి కర్ర పట్టుకుని కూర్చుని, రాయి ఎటు వాలాలో చెబుతూనే ఉన్నాడు. పని అయిన రోజు నేను ఆఫీసు నుంచి నా రెండు నివేదికల నకళ్లు తీసుకెళ్లాను. ఆయనకు చదవడం రాదు. రెండోది చదివి వినిపించాను.

"గిది మంచిగుంది. ముందుగాల రాసింది గుడ సదువు" అన్నాడు.

అదీ చదివాను. ఎండిపోయినది, ఆక్రమణలో ఉన్నది, నిరుపయోగం. మట్టి ఎత్తుతున్నవాళ్లు కూడా పని ఆపి విన్నారు.

నీరటి తన బక్క చేతులు చూసుకున్నాడు. "ఎండకాలంల నన్ను జూసినా గదే రాస్తుంటివి సారూ. ఎండిపోయిండు, పనికిరాడు అని."

బండ్ల దగ్గర నవ్వులు లేచాయి. వర్క్ ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన బీడీ వెలిగించలేదు. నేను నీరటితో, "తప్పయింది పెద్దాయనా" అన్నాను. ఆయన తీగల్లోకి వంగి ఒక దోసకాయ తెంపాడు. తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి తాను నోట్లో వేసుకుని చూశాడు.

"చేదు లేదు. తిను."

రెండు చేతులా అందుకున్నాను. అందుకుని కట్ట ఎక్కి కూర్చుని తిన్నాను. ఒక పక్క నెర్రెలిచ్చిన కుంట, ఇంకో పక్క కోసిన వరి కొయ్యకాళ్లు. రెండూ ఒకేసారి కనిపించేది అక్కణ్నుంచే.